నాచు తాళ్ళు

ఫిబ్రవరి 6, 2023

నా భార్య స్వర్ణలత పోయి నెల. మాసికం పెట్టాం. వచ్చినవాళ్ళు తిని వెళ్ళారు.

సాయంత్రం కోస్గి దగ్గర పొలానికి వెళ్ళాను. ఆమె గుంట అలాగే ఉంది. నీళ్ళలో అడ్డంగా తాళ్ళు, తాళ్ళకు నాచు, నాచు మధ్య వల సంచుల్లో ఆల్చిప్పలు. ప్రతి చిప్పలోనూ ఆమె తన చేత్తో పెట్టిన చిన్న పూస ఉంది. దాని చుట్టూ ముత్యం కట్టాలంటే ఇంకో ఏడాది పడుతుంది.

అంతవరకు వీటిని బతికించాలి. చేయడానికి వేరే పని కనిపించడం లేదు.

ఫిబ్రవరి 9

ట్రైనింగ్‌కు సముద్రం ఒడ్డుకు పోయి వచ్చిన రోజు ఎంత మాట్లాడిందో. అక్కడ తాళ్ళ మీద సముద్రపు నాచు పెంచుతారట. చిప్పల మురికి నాచుకు తిండి అట. నాచు వదిలే గాలి చిప్పలకు ఊపిరి అట. చేపపిల్లలు వచ్చి దాక్కుంటాయట. మందుల్లేవు, ఎరువుల్లేవు. మన కాడికి సముద్రం రాదు, గుంట నాచుతోని గట్లనే చేద్దమన్నది.

నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మార్కెట్ ఎక్కడుందని అడిగాను. జర నీళ్ళు తేటగ కానియ్యి సార్, మార్కెట్ ఎటు పోతదన్నది. నన్ను ఎగతాళి చేసేటప్పుడే సార్ అనేది.

నీళ్ళు తేటపడ్డాయి. నీటికోళ్ళు కూడా వచ్చాయి.

ఫిబ్రవరి 20

నోరు తెరిచిన చిప్పను తాకితే మూసుకోవాలి. మూసుకుంటే బతికున్నట్టు. ఆమె నేర్పింది.

దవాఖానలో డాక్టర్ ఆమె అరచేతిలో నా వేలు పెట్టించి, ఆమెను గట్టిగా పట్టుకోమన్నాడు.

పట్టుకోలేదు.

మార్చి 3

నైలాన్ తాళ్ళు ఎండకు పెళుసెక్కి తెగుతున్నాయి. మగ్గం మీద ఆమె సగంలో వదిలిన చీర ఉంది. ఇంకెవరు నేస్తరు బిడ్డా, దాని నూలు దాని నీళ్ళల్లనే ఉండనియ్యి అన్నది అమ్మ. పడుగు దారాలు కోశాను. అమ్మ కూర్చుని తాళ్ళు పేనింది. గట్టిపడాలని మళ్ళీ గంజి పట్టించింది.

మార్చి 4

కొత్త తాళ్ళకు నాచు కట్టి, సంచులు వేలాడదీశాను. నిద్ర పట్టింది.

మార్చి 19

బావమరిది విజేందర్ వచ్చాడు. ఎండలు ముదురుతున్నయ్ బావా, ఉన్నకాడికి కోసి అమ్ముదాం, అక్క కష్టం దక్కుతది అన్నాడు. కోస్తే చిప్ప చస్తుంది. వద్దన్నాను. చిప్పల మీదున్న పాయిరం మా అక్క మీద ఉంటే అని మొదలుపెట్టి ఆగిపోయాడు. చాయ్ తాగకుండా వెళ్ళాడు.

ఏప్రిల్ 2

ఇన్విజిలేషన్. పొలానికి పోవడం కుదరడం లేదు.

ఏప్రిల్ 11, ఉదయం

తాళ్ళు మురిగి తెగిపోయాయి. నాచు గాలికి ఒక మూలకు కొట్టుకుపోయి కుప్పగా కుళ్ళింది. సంచులు బురదలో దిగబడ్డాయి. వాసన. పైకి కనిపించిన చిప్పలన్నీ నోళ్ళు తెరిచి ఉన్నాయి.

ఒక్కొక్కటే తాకాను.

సాయంత్రం

నానిన నూలు మురుగుతుందని మాకు తెలియనిదా? ఇద్దరికీ తట్టలేదు. అమ్మకు చెప్పాను. నూలును నమ్ముకొని బతికినోళ్ళం బిడ్డా, తెగుతదని ఎట్ల అనుకుంటం అన్నది.

ఏప్రిల్ 12

విజేందర్ కబురు పెట్టకుండానే వచ్చాడు. ఇద్దరం చచ్చిన చిప్పలు ఏరాం. లోపల పూసల మీద పల్చటి మెరుపు, అంతే. ఒకటి అరచేతిలో పెట్టుకొని, అక్క గోరు గింతకన్న ఎక్కువ మెరిసేది బావా అన్నాడు. అటు తిరిగి నిలబడ్డాడు.

ఏప్రిల్ 13

కుళ్ళు తోడేశాం. కుప్ప అడుగున గుప్పెడు నాచు పచ్చగా ఉంది. దాన్నే తుంచి కొత్త నైలాన్ తాడుకు కట్టాను. గట్టిగా మూసుకున్న చిప్పలు ఒక సంచిలోకి వచ్చాయి. బతికున్నాయో, బురదకు బిగిసిపోయాయో తెలియదు. తెరిచి చూద్దామా అన్నాడు విజేందర్. వద్దన్నాను. ఈసారి తనే సంచి మూతి కట్టి నీళ్ళలోకి దించాడు.

ఏప్రిల్ 30

నాచు చిగురించింది. ఒక చిప్ప నోరు తెరిచి ఉంది. వేలు పెట్టాను.

పట్టుకుంది.

నేను వేలు వెనక్కి తీసుకోలేదు.