అక్క పంపిన ట్యూబు

అక్కా,

నా అసలు రంగు నీకు గుర్తుందా? అద్దం ముందు ఏళ్ళుగా నాకు నేనే వేసుకుంటున్న ప్రశ్న ఇది.

నువ్వు పంపిన ట్యూబు అందింది. మూత తీయలేదు. ఎప్పుడో నీ మోచేతి దురదకి డాక్టరు రాసిచ్చిన మందు అది. రాసినచోట తెల్లబడిందని ఇంటిల్లిపాదీ మొహానికి పూసుకున్నాం. అందులో స్టెరాయిడ్ ఉందని, నా చర్మం పల్చబడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. మానేస్తే ముందు మొహం మండి ఎర్రబడుతుందంది. అలాగే అయింది. ఆ మొహంతోనే క్లాసుకి వెళ్తున్నాను. "ఎండలో తిరిగారా మేడమ్?" అని ఒక పిల్ల అడిగితే, "లేదమ్మా, ఇన్నాళ్ళూ నీడలో దాక్కున్నాను" అన్నాను.

"నీ చదువంతా నా ట్యూబు మీదే చూపిస్తావేమే" అని ఫోన్‌లో దెప్పావు. దెప్పుకో. కానీ మొన్న వీడియోలో నీ కూతురి బుగ్గల మీద సన్నటి ఎర్రగీతలు చూశాను. దాన్ని వెంటనే చర్మం డాక్టరుకి చూపించు. నువ్వు తీసుకెళ్ళకపోతే సోమవారం సెలవు పెట్టి నేనే వచ్చి తీసుకెళ్తాను. ఈ విషయంలో నీతో పోట్లాటకైనా సిద్ధమే.

ఈ ఎరుపు తగ్గాక నా పాత చామనఛాయ తిరిగొస్తుందట. దాన్ని చూసి సంతోషిస్తానో, నీ ట్యూబు కోసమే చెయ్యి చాస్తానో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. అందుకేనేమో, ఆ ట్యూబుని ఇంకా పారేయలేదు.

నీ చెల్లి