పదకొండు బోర్లు

అన్నయ్యకి,

ఈ ఉత్తరం మా డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఫోను చేస్తే నువ్వు "సర్లేవే, ఆరోగ్యం ఎలా ఉంది?" అని మాట మార్చేస్తావు. నేనూ హమ్మయ్య అనుకుని పెట్టేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా మనం అలాగే నెట్టుకొచ్చాం. ఈసారి కుదరదు.

నిన్న పొద్దున ఆడపిల్లల హాస్టలు వార్డెన్ నా గదికి పరుగున వచ్చింది. పోయిన ఏడాది తెరిచిన భవనం అది. నాలుగంతస్తులు, మూడువందల ఇరవై మంది పిల్లలు. మూడు వారాలుగా వాన వదలడం లేదు. భోజనాల గది గోడ పగిలింది. "పైపైన బీటే మేడమ్, సిమెంటు పూస్తే పోతుంది" అన్నాడు ఇంజనీరు. వెళ్ళి చూశాను. పగులులో నా బొటనవేలు పట్టింది. మూలగది తలుపు మూతపడటం లేదు. "మా తలుపు అలిగింది మేడమ్" అని ఆ గదిలో ఉండే అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. భవనం వెనక మురుగుకాలువ కోసం తవ్విన గోతిలోకి దిగి, పిడికెడు మట్టి తీసి నలిపాను. మట్టి కాదు. ఇసుక, నునుపుదేలిన గులకరాళ్ళు. నది పారిన చోట తప్ప అవి అలా ఉండవు, వాన నీళ్ళు దిగితే పునాది కింద కదిలిపోతాయి. బతుకంతా నది పాతదారులే చదివినదాన్ని, నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నువ్వు అప్పుడే చెప్పావు.

నది ఒకప్పుడు ఎటు పారిందో మ్యాపు గీయడమే కదా నా పరిశోధన. నీ బోరు బండి వెళ్ళిన ప్రతిచోటా ఎన్ని అడుగుల్లో ఏం తగిలిందో నా కోసం నోటుబుక్కులో రాసిపెట్టావు. అరవై రెండు బోర్లు. యాభై ఒకటి నా గీతకి సరిగ్గా కుదిరాయి. పదకొండు మాత్రం నది తూర్పుగా, ఇప్పుడీ హాస్టలు ఉన్న వైపుకి కూడా పారిందన్నాయి. "చెల్లీ, ఇటూ పోయిందే నది. ఇసుక తగిలింది కదా" అన్నావు, మా ప్రొఫెసరు ముందే. నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "మా అన్నయ్యకి బోర్లేయడం తెలుసు సార్, భూగోళం తెలియదు." ఆయన నవ్వారు. నువ్వూ నవ్వి, గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని బయటికి వెళ్ళిపోయావు. ఆ తర్వాత నా చదువు గురించి ఒక్క మాట అడగలేదు.

నువ్వు పొరబడ్డావని నేను ఏనాడూ అనుకోలేదు, నిజం. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఆరు వారాలే గడువుంది. ఆ పదకొండూ కలిపితే ఇంకో రెండేళ్ళు పొలాలూ గట్లూ పట్టుకు తిరగాలి. తీసేశాను. ఆ మ్యాపుతోనే ఉద్యోగం వచ్చింది. దాని వెనకే శాఖాధిపతినయ్యాను, డీనునయ్యాను, చివరికి ఈ ఉపకులపతి కుర్చీ. మూడేళ్ళ క్రితం హాస్టలుకి స్థలం ఎంచేటప్పుడు కమిటీవాళ్ళు బల్లమీద పరిచింది కూడా దాన్నే. "మీరు గీసిందే కదా మేడమ్, ఇంకా అనుమానమేంటి?" అన్నారు. సంతకం పెట్టాను. నీ బోర్లు గుర్తొచ్చి, భయపడి, అయినా పెట్టానంటే కొంత నయం. గుర్తే రాలేదన్నయ్యా. అంత బాగా మరిచిపోయాను.

శుక్రవారం పాలకమండలి సమావేశం. మరమ్మతుల పేరుతో పిల్లల్ని మెల్లగా మారుద్దాం, మ్యాపు సంగతి ఎత్తొద్దు అంటున్నాడు రిజిస్ట్రారు. నేను ఎత్తుతాను. నీ లెక్కలు నేను ఎత్తిరాసుకున్న నకలు ఎప్పుడో చింపేశాను. నీ నోటుబుక్కు ఇంకా ఉందా? ఉంటే పంపు. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ చెల్లెలు

* * *

చెల్లెమ్మా,

నీ డ్రైవరు వాకిట్లో నిలబడి ఉన్నాడు, అందుకని గబగబా రాస్తున్నా. నోటుబుక్కు ఇదిగో. అట్ట చెదలు తిన్నది, లోపల బాగానే ఉంది.

ముందు పిల్లల్ని బయటికి తీసుకురా. శుక్రవారం దాకా ఏంటి? మీటింగు నీకు. ఆ గోడల మధ్య పడుకునేది వాళ్ళు. ఇంత పెద్ద ఉత్తరం రాసే తీరిక ఉన్నదానివి, కలం పట్టుకునే ముందు ఆ పని చెయ్యాల్సింది.

ఇక నా సంగతి. పునాదికి ముందు ఆ స్థలంలో మట్టి పరీక్షకి బోరు వేసింది నేనే. కాంట్రాక్టరు పిలిచాడు. ఆరడుగులకే ఇసుక, గులకరాళ్ళు. ఇంజనీరుకి చూపించా. ఆయన మ్యాపు తీసి, "ఇది గీసిందెవరో తెలుసా? ఉపకులపతిగారు" అన్నాడు. నీ అన్నయ్యనని చెప్పలేదు. ఆ సాయంత్రం నీకు ఫోను చేద్దామని నెంబరు కూడా నొక్కా. నొక్కి ఆపేశా. నాకు భూగోళం తెలియదు కదా, తెలిసినదానివి నువ్వే చూసుకుంటావులే అనుకున్నా. అంతా పంతం. అందులో ఆడపిల్లలుంటారన్న ఆలోచనే రాలేదు. నువ్వు మరిచిపోయి చేశావు. నేను గుర్తుపెట్టుకుని చేశా. నన్ను క్షమాపణ అడక్కు.

అన్నయ్య

* * *

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన గంటలో హాస్టలు ఖాళీ చేయించడం మొదలుపెట్టాను. పరీక్షల హాల్లో, లైబ్రరీలో, మా ఇంటి వరండాలో కూడా పరుపులే. స్నానాల గది ముందు వరస చూస్తే ఇది నా ఇల్లో రైల్వే స్టేషనో తెలియడం లేదు.

శుక్రవారం నోటుబుక్కు బల్లమీద పెట్టి నేను చేసిందంతా చెప్పాను. రిజిస్ట్రారు తల పట్టుకున్నాడు. "మీ అన్నగారు ఎంతవరకు చదివారు?" అని ఒక సభ్యుడు అడిగాడు. "ఎనిమిదో తరగతి. ఇంకాస్త పై చదువు చదివుంటే ఆయన రాసింది దాచడానికి నాకు ధైర్యం చాలేది కాదు" అన్నాను.  రాజీనామా ఇచ్చాను, తీసుకున్నారు. నా డాక్టరేటు మీద విచారణ వేశారు. పోతే పోనీ.

నిన్న పొద్దున ఎనిమిదింటికి భోజనాల గది తూర్పు మూల నడుంలోతు కుంగిపోయి, గోడ లోపలికి కూలింది. ఆ వేళకి అక్కడ రోజూ వందమంది పిల్లలు కూర్చుంటారు. నిన్న ఒక్కరూ లేరు. పిల్లలంతా భవనం చుట్టూ కట్టిన తాడు ఇవతల నిలబడి చూశారు.  నేను వార్డెన్ చేత మూడువందల ఇరవై పేర్లూ మళ్ళీ పిలిపించాను.

ఒక్క సంగతి మిగిలింది. నువ్వు వేసిన ఆ మట్టి పరీక్ష బోరు గురించి ఎవరికీ చెప్పలేదు. నోటుబుక్కు ఇన్నేళ్ళు భద్రంగా ఉంచినందుకు అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు, ఉండనీలే అనిపించింది. కానీ మంగళవారం విచారణవాళ్ళు ఇంకేమైనా కాగితాలున్నాయా అని అడుగుతారు. లేవంటే మళ్ళీ దాచినదాన్నవుతాను. నీ ఉత్తరం చూపిస్తే నలుగురిలో నిన్ను మళ్ళీ చిన్నబుచ్చినదాన్నవుతాను. ఏం చెయ్యమంటావు?

నీ చెల్లెలు

* * *

చెల్లెమ్మా,

ఉత్తరం చూపించొద్దు. మంగళవారం నేనే వస్తున్నా. ఇసుక చూసింది నేను, నోరు మూసుకుంది నేను. నా మాట నేనే చెప్పుకుంటా. మీ వదిన "ఈ వయసులో మీకెందుకు ఈ గొడవ" అని పొద్దుటినుంచి సణుగుతూనే ఉంది. ఇప్పుడే ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. ఒప్పుకున్నట్టే.

విచారణ అయ్యాక మనిద్దరం ఆ కుంగిన చోటుకి వెళ్దాం. నది తూర్పుకి ఎంత దూరం పోయిందో నా పుస్తకంలో కూడా లేదు. లైబ్రరీ కింద కూడా ఆ ఇసుక ఉందో లేదో చూడాలి. పిల్లలిప్పుడు అక్కడే కదా పడుకుంటున్నారు.

బోరు బండి కూడా తెస్తున్నా.

అన్నయ్య