గ్రంథాలయంలో బాబాయి ఫోటో

అక్కా,

ఆదివారం తప్పకుండా రా. నవ్వాపుకోలేక చస్తున్నాను.

మగవాణ్ణి ప్రేమించిన మగవాడు నేరస్థుడు కాడని మన బాబాయి యాభై ఏళ్ల కిందటే కరపత్రం అచ్చేసి, శుభలేఖల కవర్లలో పెట్టి ఊరంతా పంచి, ప్రెస్సులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు కదా! ఆయన పోయిన ఇన్నాళ్లకి గ్రంథాలయం వాళ్లు ఆదివారం సభ చేసి ఆయన ఫోటో పెడుతున్నారు.

"పక్కనున్న ఆ దర్జీని కత్తిరించి పంపరా," అన్నాడు అన్నయ్య. బాబాయితో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషిని! బుద్ధిగా తలూపి, ఇద్దరూ భుజాల మీద చేతులేసుకున్న ఫోటోనే నిలువెత్తున చేయించి ఇచ్చేశాను. తెర లాగేది అన్నయ్యే!

పాపం దర్జీకి ఇదేమీ తెలీదు. "వెనకాల ఓ మూల నించుంటాలేరా," అన్నాడు. మొదటి వరసలో, మనింటివాళ్ల కుర్చీల్లో, ఆయనకొకటి తువ్వాలేసి ఉంచుతాను. బావ అందులో కూలబడకుండా చూసే పూచీ నీది.

తన్నులకు సిద్ధంగా,
నీ తమ్ముడు