నాలుగూళ్లకు ఒకే బ్యాటరీలు

అక్కకు,

ఎలా ఉన్నావని అడగడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు.

మీ ఊళ్లో దీపాలు రెండు రోజులు వెలిగి ఎందుకు ఆరిపోయాయని అడిగావు. కరెంటు తీగలు చేరని కొండ ఊళ్లకు ప్రభుత్వ నిధులతో ఊరికొక మైక్రోగ్రిడ్ పెట్టించారు కదా, సోలార్ పలకలూ బ్యాటరీలూనూ. అన్నీ సవ్యంగా ఉన్నాయని సంతకం పెట్టాల్సిన ఇంజనీరును నేనే. మొదటి ఊళ్లో నా చేతిలో టీ ఒలికి ఒక బ్యాటరీ పెట్టె మీద మరక పడింది. తర్వాత మీ ఊరు చూశాను, అక్కడ మరక నా కంట పడలేదు. మూడో ఊళ్లో గది తలుపు తీయగానే అదే పెట్టె, అదే మరక! నాకంటే ముందే లారీ ఎక్కి వచ్చేసింది. కొన్నది ఒక ఊరికి సరిపడా బ్యాటరీలే. నేను చూసి కదలగానే విప్పి పక్క ఊరికి మోశారు. నాలుగో ఊరికి వెళ్లేసరికి మరక శుభ్రంగా తుడిచి పెట్టారు. అంతటి మర్యాదస్థులు.

కాంట్రాక్టర్ని నిలదీస్తే ఇకిలించాడు. "అన్నీ ముట్టాయని ఊరి తరఫున మీ అక్కగారే సంతకం పెట్టేశారు మేడమ్. మీరు మెలిక పెడితే ఆవిడ మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. నోరు మూసుకుని నాలుగింటికీ సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ చేత్తో అన్నం కలుపుకోవాలంటే రోతగా ఉంది. రాజీనామా రాసి పెట్టుకున్నాను, సోమవారం ఇచ్చేస్తాను. ఎవరికీ ఏమీ చెప్పను. నీ పేరు బయటికి రానివ్వను.

నీ చెల్లి


ఒసే పిచ్చిదానా,

నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. నువ్వు తనిఖీకి రావడానికి ముందురోజు ఆ కాంట్రాక్టరు మా ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికింకా బ్యాటరీలు దించనే లేదు. "తనిఖీకి వచ్చేది మీ చెల్లెమ్మే కదండీ. కాగితాలు సిద్ధంగా లేకపోతే ఆవిడ ఉద్యోగానికే ఎసరు" అన్నాడు. సంతకం పెట్టేశాను. తర్వాత వాటిని లారీకెత్తడం ఈ కళ్లతోనే చూశాను. "రిపేరుకండీ" అంటే నమ్మినట్టు ఊరుకున్నాను. ఏమీ ఎరగనట్టు నీకు ఉత్తరం కూడా రాశాను. ఫ్రిజ్‌లో టీకా మందులన్నీ పాడయ్యాయి. పసిబిడ్డలను ఎత్తుకుని కొండెక్కి వచ్చిన తల్లులతో "మందు ఇంకా రాలేదమ్మా" అన్నాను. నర్సునై ఉండి! వాడికంటే నన్ను చూస్తేనే నాకు ఎక్కువ అసహ్యం.

నీ పేరు చెప్పి నన్ను, నా పేరు చెప్పి నిన్ను. భలే తేరగా దొరికామే వాడికి.

ఆ రాజీనామా చింపెయ్. నువ్వు తప్పుకుంటే ఆ కుర్చీలో వాడి మనిషే కూర్చుంటాడు. ముందే చెబితే వద్దంటావని, ఫిర్యాదు పోస్టులో వేసి వచ్చాకే నీకిది రాస్తున్నాను. అబద్ధపు సంతకాలు పెట్టినవాళ్లు ఎవరో కూడా అందులో రాశాను. ముందు నా పేరు, దాని కింద నీది.

నీ అక్క