బాపు మంచం వైపు బిగించిన చిన్న తెర

మంగళవారం, రాత్రి

ఈ రోజు కంప్యూటర్ పెట్టె పక్క రేకును కోసి, రెండు వరుసల అక్షరాలు పట్టే చిన్న తెర బిగించాను. బాపు మంచం మీద నుంచి కనిపించేలా పెట్టాను. పల్సానా బట్టల మిల్లుల్లో ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో పనిచేసి ఆయన చెవులు పూర్తిగా పోయాయి. నేనేమో రోజంతా చీరల డిజైన్లు గీస్తూ ఆయనకు వీపు పెట్టి కూర్చుంటాను. ఏం చెప్పాలన్నా లేచి వెళ్లి, భుజం తట్టి, పెదాలు కనపడేలా నెమ్మదిగా మాట్లాడాలి. ఇక ఆ తిప్పలు ఉండవనుకున్నాను.

ఆ తెరకు తెలుగు రాదు. వారం రోజులు చుక్కలు పేర్చి 'బాపు', 'అన్నం' అనే రెండు మాటలు తయారుచేశాను. మధ్యాహ్నం మీట నొక్కగానే అవి వెలిగాయి. బాపు మంచం మీద నుంచే వేలు చూపిస్తూ చదివాడు.

"మంచిగ జేసినవ్ బిడ్డా," అన్నాడు.

నా చీరల డిజైన్లు కొనే రింగ్ రోడ్ సేఠ్‌కు సాయంత్రంలోగా డిజైన్ పంపాలి. నేను మళ్లీ పనిలో పడ్డాను. కాసేపటికి వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"గిన్ని దినాలు ఏదన్న చెప్పాలంటే నా దిక్కు తిరిగెటిదానివి. దినాం నాలుగుసార్లన్న నీ మొకం చూస్తుంటి. గిప్పుడు గది గూడ బందేనా?"

"అట్లేం లేదు బాపూ," అన్నాను గట్టిగా.

అది కూడా వెనక్కి తిరగకుండానే అన్నాను. గుర్తొచ్చి తిరిగేసరికి ఆయన గోడ వైపు ఒత్తిగిలి పడుకున్నాడు...