తుపాకీకి తలంటు

ఏవండీ, నేను జీపీ సర్జరీకి, అదే డాక్టరు క్లినిక్‌కి వెళ్తున్నా. పప్పు ఫ్రిజ్‌లో ఉంది. మీ పాత జంట గొట్టాల తుపాకీ ట్రిగ్గర్లు గట్టిగా ఉన్నాయని ఆకురాయితో మాత్రం అరగదీయకండి. తూటా గొట్టానిదీ, చిన్నగుళ్ళ గొట్టానిదీ రెండూ ఒకేసారి ఎందుకు బిగుసుకున్నాయో ఇందాక తల దువ్వుకుంటుంటే తెలిసింది. ఆగస్టులో వాటికి నా కొబ్బరినూనె పోశారు కదా! ఈ చలికి కిటికీలో సీసా ఎలా గడ్డకట్టిందో చూడండి. తుపాకీలోనూ అంతే.

మూడింటికి తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర మీకు అపాయింట్‌మెంట్ తీసుకున్నా. విప్పి శుభ్రం చేస్తాడట. ఏం నూనె పోశారని అడిగితే నిజం చెప్పండి, నవ్వితే నవ్వనీండి.

పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. నా తలకి ఒక్కనాడు నూనె రాయలేదు గానీ, తుపాకీకి తలంటారు!

వేణి

ఆ సీసా వేడినీళ్ళలో పెట్టి ఉంచండి. సాయంత్రం నా వంతు.