సంచి తోడేలు మనకేమవుతుంది?

మామయ్యకు,

బాగున్నావా? మీ మ్యూజియం అద్దాల బీరువాలో ఉన్న సంచి తోడేలు చర్మం గోరంత ముక్క పంపగలవా? ఆ జాతిలో ఒక్కటీ ఇప్పుడు బతికి లేదు. పిల్లల్ని పొట్టకింద సంచిలో మోసిన ఆ వేటజంతువుకి చుట్టాలెవరో జన్యువుల వరుస చదివి తేల్చడం మా ల్యాబులో నా పని.

నీ మేనకోడలు

తా.క. చేతికి గ్లౌజులు వేసుకో.

అమ్మడూ,

సమయానికి రాశావు. కొత్త డైరెక్టరుగారు, "ఇదెవరో కుక్కతోలుకి చారలు దిద్ది కుట్టిన బొమ్మ, తీసి గోడౌన్లో పడెయ్" అంటున్నారు. ఇన్నేళ్ళు దుమ్ము దులిపినవాణ్ణి, నాకు తెలీదూ? చెవి వెనక చర్మం, కాలివేలి ఎముక ముక్క రెండూ పంపుతున్నా. దాని పరువు నీ చేతిలో ఉంది.

ఆశీస్సులతో, మామయ్య

తా.క. గ్లౌజులు మీ అత్తయ్య అంట్లకి పట్టుకుపోయింది. చేతులు కడుక్కునే కోశాను. ఆ తర్వాత ఒక్కసారే తుమ్మాను.

మామయ్యకు,

నవ్వాగడం లేదు. చర్మం ఫలితం వచ్చింది. మన చుట్టమే! అదీ నాకు బాగా దగ్గరి చుట్టం! ఎముక సంగతి తేలాక వివరంగా రాస్తాను.

తొందరలో, నీ మేనకోడలు

తా.క. అమ్మకి చెబితే, "వాడి సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు" అంది.

అమ్మడూ,

చదివి బీరువా దగ్గరికి పరిగెత్తాను. చుట్టమా! పరాయిదనుకుని ఇన్నేళ్ళూ తోక పట్టుకు దులిపానే! మీ అత్తయ్య వచ్చి చూసి, "ఆ దవడ అచ్చం మీ నాన్నగారిదే" అని తేల్చేసింది. డైరెక్టరుగారి గదికెళ్ళి, "సార్, మా ఇంటి పెద్దమనిషిని గోడౌన్లో వెయ్యడానికి వీల్లేదు" అన్నాను. ఆయన నన్ను కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు.

కంగారులో, మామయ్య

తా.క. మీ అమ్మకి చిన్నప్పుడే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు? నాకు తెలీకుండా ఇంకా ఎవరెవరున్నారు?

మామయ్యకు,

అయ్యో రామా! చర్మం మీద దొరికింది నువ్వు. నీ తుమ్ము! పనిచేసేవాళ్ళ జన్యువులు కలిసిపోతే పట్టుకోవడానికి మా అందరి వరుసలూ దాచిపెడతారు. నాదానితో పోలిక కుదిరి దొరికిపోయావు. అమ్మ అన్నదీ నీ గురించే.

ఇక నవ్వు పక్కనపెట్టి విను. ఎముక మాట్లాడింది. అందులోని జన్యువుల వరుస చింపి పారేసిన కాగితంలా వేల ముక్కలు. అతికిస్తూ పోయాం. దాని అరుపు విన్నవాళ్ళెవరూ ఇప్పుడు మిగల్లేదు, మామయ్యా. అయినా తనెవరో తనే చెప్పుకుంది. మీ దగ్గరున్నది అసలైనదే. తోడేలు మాత్రం కాదు. దాని చుట్టాలు ఒంటిమీద చుక్కలున్న సంచి పిల్లులు, చెదలు తినే చారల జీవి, పురుగుల్ని వేటాడే వేలెడంత సంచి ఎలుకలు! కుక్కతో ఉన్నది ముఖం పోలికే. ఒకేలాంటి వేట రెంటికీ ఒకేలాంటి ముఖం పెట్టింది. వరుసల లెక్కన కుక్క దానికంటే మనకే దగ్గర. అది చూసి గదిలో అందరం మళ్ళీ మొదట్నుంచీ లెక్క సరిచూసుకున్నాం.

నీ మేనకోడలు

అమ్మడూ,

నీ ఉత్తరం డైరెక్టరుగారి చేతిలో పెట్టాను. చదివి, బీరువా తలుపు తీసి దాని చారలు దగ్గరగా చూశారు. తర్వాత ఆయనే గోడౌన్లోకి దిగి, ఒళ్ళంతా బూజుతో, వేలెడంత సంచి ఎలుక బొమ్మని వెతికి తెచ్చారు. "ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉంచాం కదయ్యా" అంటూ సంచి తోడేలు ముందుకాళ్ళ దగ్గర పెట్టారు. ఆ పెద్ద నోటికీ ఈ బుల్లి ముక్కుకీ చుట్టరికమట! ఇవాళ దులిపేటప్పుడు తోక పట్టుకోలేదు.

మామయ్య

తా.క. కుక్క మనకి దగ్గరని విన్నప్పట్నుంచీ మీ అత్తయ్య వీధికుక్కని లోపలికి పిలిచి నా కుర్చీ ఇచ్చింది. లెమ్మంటే, "చుట్టాన్ని లేపుతారా?" అంటోంది. ఇది నేలమీద కూర్చుని రాస్తున్నాను.